గోదాలో గాజుల చేతులు

"చేతకాకపోతే గాజులు తొడుక్కుని ఇంట్లో కూర్చోరా!"

ఈ డైలాగు వినని తెలుగు ప్రేక్షకుడు ఉంటాడా? విలన్ అంటాడు, హీరో బాబాయి అంటాడు, ఒక్కోసారి హీరోగారి కన్నతల్లే అంటుంది. అనడమే తడవు హీరోగారి కళ్లు ఎర్రబడతాయి, మీసం లేస్తుంది, తొడ చప్పుడవుతుంది. హాలంతా ఈలలు! గాజులంటే చేతకానితనానికి గుర్తు అని బళ్లో మనకెవరూ పాఠం చెప్పలేదు. టికెట్టు కొనుక్కుని మరీ నేర్చుకున్నాం.

ఇప్పుడు ఒక్కసారి జహీరాబాదు వైపు రండి. ఇటు తెలంగాణ, అటు కర్ణాటక. ఈ సరిహద్దు పల్లెల్లో జాతరొచ్చిందంటే కుస్తీలు పెట్టాల్సిందే. మొదటి జోడీకి బహుమతి కొబ్బరికాయ. జోడీ జోడీకీ పందెం పెరుగుతుంది. ఆఖరి కుస్తీ గెలిచిన వస్తాదుకి ఏమిస్తారో తెలుసా? వెండి కడెం! డప్పులు మోగుతూంటే ఊరి పెద్దలు దాన్ని మొనగాడి చేతికి తొడుగుతారు.

ఆలోచించండి. ఓడినవాణ్ణి గాజులు తొడుక్కోమంటాం. గెలిచినవాడికి మనమే కడెం తొడుగుతాం. రెండూ చేతికి వేసుకునే గుండ్రటి నగలే! ఒకటి సిగ్గు, ఇంకోటి పరువు. తేడా నగలో లేదు. ఆ చెయ్యి ఎవరిదనుకుంటున్నామో అందులో ఉంది.

కుస్తీని వినోదంగా అమ్మిన ప్రతిచోటా ఈ గాజుల లెక్కే నడిచింది. బరోడా గోదా నుంచి అమెరికా టీవీ దాకా, అక్కణ్ణించి మన గచ్చిబౌలి దాకా! ఆ కథే ఇది.

గచ్చిబౌలిలో ఆ రాత్రి

2023 సెప్టెంబరు 8. హైదరాబాదు గచ్చిబౌలి ఇండోర్ స్టేడియం. 2017 తర్వాత డబ్ల్యు.డబ్ల్యు.ఇ. కంపెనీ మన దేశంలో పెట్టిన మొదటి ప్రదర్శన. జాన్ సినా వచ్చాడు, సెత్ రోలిన్స్ వచ్చాడు. ఇద్దరూ జట్టుకట్టి ఆఖరి కుస్తీ గెలిచారు. ఇదంతా పేపర్లన్నీ రాశాయి. అదే రాత్రి, అదే గోదాలో రియా రిప్లే అనే ఆస్ట్రేలియా వనిత తన ప్రపంచ మహిళా టైటిల్ కోసం నటాల్యా అనే కెనడా వనితతో తలపడి గెలిచింది. దాని గురించి ఎంత రాశారు? ఫోటో కింద ఒక లైను!

జహీరాబాదు నుంచి హైదరాబాదు సుమారు వంద కిలోమీటర్లు. బొంబాయి రోడ్డెక్కితే పొద్దున వెళ్లి రాత్రికి రావచ్చు. ఆ రోజు అలా వెళ్లొచ్చిన ఓ అమ్మాయిని జహీరాబాదులో కలిశాను. అప్పుడు ఇంటర్, ఇప్పుడు డిగ్రీ.

"ఇంట్ల తమ్మునికి తోడు పోతున్న అని చెప్పిన అన్నా. అసలు పోయింది నా కోసమే!" అని నవ్వింది. "రియా వచ్చినప్పుడు నేను లేచి నిలబడ్డ. ఎనక సీటాయన 'కూసోమ్మా, జాన్ సినా ఇంక రాలే' అన్నడు."

ఆ వెనక సీటాయన చెడ్డవాడేం కాదు. ఆడవాళ్ల కుస్తీ అంటే అసలు బొమ్మకి ముందు వేసే న్యూస్‌రీలు లాంటిదని ఆయన లెక్క. ఆ లెక్క ఆయనకి ఎక్కడిది? కంపెనీవాళ్లే కొన్నేళ్లపాటు అలా నేర్పారు!

ఇక్కడ ఒక్క సంగతి చెప్పుకోవాలి. ఈ అమెరికా కుస్తీలో ఎవరు గెలవాలి, ఎవరు ఓడాలి అన్నది ముందే రాసుకుంటారు. ఇదేం రహస్యం కాదు. 1989లో న్యూజెర్సీ రాష్ట్ర సెనేట్ ముందు ఆ కంపెనీవాళ్లే ఇది పోటీ కాదు, వినోదం అని ఒప్పుకున్నారు. క్రీడా సంఘాల పన్నులు, పరీక్షలు తప్పించుకోవడానికి! దెబ్బలు నిజం, ఎముకలు విరగడం నిజం, ఫలితం మాత్రం కథ.

అంచేత "ఆడవాళ్ల ఒళ్లు ఇంతే, వాళ్ల సత్తా ఇంతే" అనే సాకు ఇక్కడ చెల్లదు. మన సినిమాలో హీరో యాభైమందిని కొడితే అది ఆయన కండబలమా? ఫైట్ మాస్టరుగారి బలం! అలాగే రెజ్లింగ్‌లో ఆడదానికి అరనిమిషం ఇచ్చారంటే అది రాసినవాడి నిర్ణయం.

ఓడిస్తే పెళ్లాడతా!

విదేశాల సంగతి తర్వాత. ముందు మన దేశంలో నిజంగా జరిగిన కథ వినండి. ఏ సినిమాకీ తీసిపోదు.

హమీదా బాను. ఉత్తరప్రదేశ్‌లోని మీర్జాపూర్‌లో పుట్టి, అలీగఢ్‌లో సలాం పహిల్వాన్ దగ్గర కుస్తీ నేర్చుకుంది. ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు, బరువు 108 కిలోలు. ఆమె రోజూ తాగే పాలు అయిదున్నర లీటర్లనీ, తినే బాదంపప్పు దాదాపు అరకిలో అనీ ఆనాటి పత్రికలు లొట్టలు వేస్తూ రాశాయి. ఏ మగ వస్తాదు తిండినీ ఇంత వింతగా లెక్కపెట్టలేదు సుమా!

1954 ఫిబ్రవరిలో ముప్పై దాటిన ఈ మనిషి ఒక సవాలు విసిరింది. "నన్ను గోదాలో ఓడించినవాణ్ణి పెళ్లాడతాను!" పాటియాలా వస్తాదు ఓడాడు. కలకత్తా వస్తాదు ఓడాడు. మే నెలలో బరోడా వచ్చింది. ఊరంతా పోస్టర్లు. ఆమెతో తలపడాల్సిన ఛోటా గామా పహిల్వాన్ ఆఖరి నిమిషంలో, ఆడదానితో కుస్తీ పట్టనని తప్పుకున్నాడు. అతని బదులు బాబా పహిల్వాన్ దిగాడు. ఎంతసేపు నిలిచాడంటారా? ఒక నిమిషం ముప్పైనాలుగు సెకన్లు!

ఈ పెళ్లి పందెం మనకి కొత్తా? "ప్రమీలార్జునీయం" (1965) చూశారు కదా. మగవాళ్ల పొడే గిట్టని రాణిగా బి. సరోజాదేవి, అర్జునుడిగా ఎన్.టి.ఆర్. అంత వీరనారి కథా చివరికి మెడలో మాలతోనే ముగుస్తుంది. బలమైన ఆడదాన్ని చూడగానే కథకుడికి వచ్చే మొట్టమొదటి ఊహ "దీన్ని లొంగదీసేవాడెవడు?" అన్నదే. హమీదా బాను ఆ ఊహనే పోస్టరు మీదికి ఎక్కించింది. జనం ఎందుకు టికెట్లు కొంటారో ఆమెకి బాగా తెలుసు.

కానీ పోస్టరు వేరు, ఊళ్లు వేరు. కొల్హాపూర్‌లో ఓ మగ వస్తాదుని ఓడించినందుకు జనం గేలిచేసి రాళ్లు విసిరారు. పూనాలో ఆమె కుస్తీని స్థానిక కుస్తీ సంఘం అడ్డుకుంది. ఆమె ఊరుకోలేదు. బొంబాయి ముఖ్యమంత్రి మొరార్జీ దేశాయికి ఫిర్యాదు చేసింది. "మీరు ఆడవారని ఆపలేదు, మీ ఎదుట ఉత్తుత్తి వస్తాదులను నిలబెడుతున్నారని ఫిర్యాదులున్నాయి" అనే అర్థంతో జవాబొచ్చింది. చూశారా! మగవాడు గెలిస్తే బలం. ఆడది గెలిస్తే నాటకం. ఆ సంవత్సరమే బొంబాయిలో ఆమె వేరా చిస్తిలిన్ అనే రష్యా వస్తాదును నిమిషం తిరక్కుండా చిత్తు చేసింది.

ఆ తర్వాత? యూరప్ వెళ్లి కుస్తీలు పడతానంది. అక్కడితో గోదా కథ ఆగిపోయింది. గురువైన సలాం పహిల్వానే ఆమెను ఆపడానికి కర్రతో కొట్టి చేతులు విరగ్గొట్టాడని ఆమె మనవడు బి.బి.సి.కి చెప్పాడు. మగవాళ్లెవరూ గోదాలో విరవలేని చేతులు అవి! తర్వాత బొంబాయి దగ్గర కల్యాణ్‌లో పాలు అమ్ముకుని బతికింది. 1986లో కన్నుమూసింది. 2024 మే 4న గూగుల్‌వాళ్లు తమ మొదటి పేజీ మీద ఆమె బొమ్మ వేస్తే, "ఎవరీవిడ?" అని దేశమంతా అడిగింది.

మూకుళ్లతో కుస్తీ

ఇహ అమెరికాకి వద్దాం. ఒకప్పుడు న్యూయార్క్ రాష్ట్రంలో ఆడవాళ్ల కుస్తీ మీద నిషేధమే ఉండేది. 1972లో ఎత్తేశారు. గోదాలోకి రానిచ్చారు. రానిచ్చి ఏ వేషం ఇచ్చారన్నది అసలు ప్రశ్న.

1999 అక్టోబరు 17. చైనా అనే పేరుతో గోదాకెక్కిన కండల మనిషి, జెఫ్ జారెట్ అనే మగ వస్తాదుని ఓడించి ఇంటర్‌కాంటినెంటల్ టైటిల్ గెలుచుకుంది. అది గెలిచిన మొదటి ఆడమనిషి ఆమే. చరిత్రే! మరి ఆ చరిత్ర ఎలా జరిగింది? ఆ పోటీకి పెట్టిన పేరుకు అర్థం "చక్కని గృహిణీత్వం"! ఆడవాళ్లు వంటింట్లోనే ఉండాలనేవాడిగా జారెట్ వేషం. అందుకని గోదా చుట్టూ మూకుళ్లు, గుడ్లు, పిండి, ఆఖరికి అంట్లు తోమే సింకు కూడా ఆయుధాలుగా పెట్టారు. ఆమె గెలిచింది. కానీ వంటింటిని వెంటబెట్టుకుని రాకుండా గెలవనివ్వలేదు!

ఆ రోజుల్లోనే ఆడవాళ్లకి ఇంకో రకం పోటీలు పెట్టేవారు. ఎదుటి మనిషి పైబట్టలు ఎవరు ముందు లాగేస్తే వాళ్లు గెలిచినట్టు. దీనికి కుస్తీ పట్టు ఒక్కటీ రానక్కర్లేదు. మన సినిమాల్లో క్లబ్బు డాన్సు ఎందుకు పెట్టేవారో అదే ఎందుకు. చాలాకాలం ఆ స్త్రీలను వస్తాదులనలేదు, "దివా"లన్నారు. టైటిల్ బెల్టు మీద సీతాకోకచిలుక!

2015 ఫిబ్రవరి 23న ఓ టీవీ ప్రదర్శనలో నలుగురు ఆడవాళ్ల కుస్తీ ముప్పై సెకన్లలో ముగిసింది. ఈసారి ప్రేక్షకులు ఊరుకోలేదు. వాళ్లకో అవకాశం ఇవ్వండంటూ ట్విట్టర్‌లో గోలపెట్టారు. కంపెనీ మెట్టు దిగింది. 2016 ఏప్రిల్ 3న "దివా" మాట తీసేసి మహిళా టైటిల్ అని మార్చారు. 2019 ఏప్రిల్ 7న రెజిల్‌మేనియాలో బెకీ లించ్, షార్లెట్ ఫ్లెయిర్, రోండా రౌసీ ముగ్గురూ కలిసి ఆఖరి కుస్తీ పట్టారు. అంటే అసలు బొమ్మ వాళ్లదే! ఆ ప్రదర్శన మొదలైన 34 ఏళ్లలో అది మొదటిసారి.

ముప్పై సెకన్ల నుంచి ఆఖరి కుస్తీ దాకా నాలుగేళ్లు. ఆ నాలుగేళ్లలో ఆడవాళ్ల ఎముకలేమీ మారిపోలేదు. రాసేవాళ్లు మారారు. రాసేవాళ్లని మార్చింది టికెట్టు కొనే మీబోటివాళ్లు.

మగవాళ్లకీ వేషాలే

ఈ కొలత ఆడవాళ్లకే అనుకుంటే పొరపాటు. 1940లు, 50లలో అమెరికాలో టీవీ కొత్తగా వచ్చినప్పుడు గార్జియస్ జార్జ్ అనే వస్తాదు ఉండేవాడు. జుట్టుకి రంగేసి ఉంగరాలు తిప్పుకునేవాడు. నౌకరు ముందు నడుస్తూ గోదాకి సెంటు కొడితేగాని అడుగుపెట్టేవాడు కాదు. జనం తిట్టడానికే వచ్చేవాళ్లు. తిట్టడానికైనా టికెట్టు కొనాలి కదా! ఆ కిటుకు చూసే నోటిదురుసు నేర్చుకున్నానని బాక్సింగ్ వీరుడు మహమ్మద్ అలీ తర్వాత చెప్పుకున్నాడు.

మగాడు కాస్త సింగారించుకుంటే వెధవ వేషం, లేదా నవ్వుల వేషం. మన సినిమాల్లో నడుం తిప్పే కమెడియన్‌ని గుర్తు చేసుకోండి. రెండుచోట్లా ఒకే సూత్రం.

అయితే మన దగ్గరే దీనికి తిరుగులేని జవాబొకటి ఉంది. "నర్తనశాల" (1963)! అందరికంటే బలవంతుడైన భీముడు వంటవాడు. వెయిట్ లిఫ్టింగ్‌లో దేశానికి పేరు తెచ్చిన దండమూడి రాజగోపాలరావుగారే ఆ భీముడు. అందరికంటే గొప్ప విలుకాడు అర్జునుడు బృహన్నల. నందమూరి తారకరామారావుగారు కాళ్లకి గజ్జెలు, చేతులకి గాజులు వేసుకుని నాట్యం నేర్పితే ఎవరైనా నవ్వారా? చేతులు జోడించారు! మరి కీచకుడు చచ్చిందెలా? సైరంధ్రి వస్తుందనుకుని నర్తనశాలకి వస్తే, ఆమె చోట భీముడున్నాడు. గాజుల చెయ్యి అనుకుని పట్టుకున్నాడు, అయిపోయాడు!

తొడగొట్టే ఆడవాళ్లకీ మనకి కొదవలేదు. "రౌడీరాణి" (1970)లో విజయలలిత గుర్రమెక్కి తుపాకీ పట్టింది. "కర్తవ్యం" (1990)లో పోలీసు దుస్తులు తొడిగిన విజయశాంతికి జాతీయ ఉత్తమ నటి అవార్డు వచ్చింది. హాళ్లు నిండాయి. ఆడది కొడితే ఎవరు చూస్తారన్న నిర్మాతలకి జవాబు టికెట్టు కిటికీలోనే దొరికింది.

సల్వార్ కమీజ్‌లో పహిల్వాన్

2016లో ఒక వీడియో ఫోన్లన్నీ తిరిగింది. జలంధర్‌లో గ్రేట్ ఖలీ నడిపే కుస్తీ అకాడమీ ప్రదర్శన. బుల్‌బుల్ అనే వస్తాదు ప్రేక్షకుల్ని రెచ్చగొడుతోంది. నిండా సల్వార్ కమీజ్ వేసుకున్న ఒకావిడ గోదాకెక్కి, సవాలు విసిరినదాన్ని ఎత్తి కుదేసింది! ఆవిడ హర్యానా జింద్ జిల్లాకి చెందిన కవితా దలాల్. 2016 దక్షిణాసియా క్రీడల్లో వెయిట్ లిఫ్టింగ్ బంగారు పతకం తెచ్చిన మనిషి. 2017లో డబ్ల్యు.డబ్ల్యు.ఇ. గోదాలోనూ సల్వార్‌తోనే దిగింది. ఆ కంపెనీలో తలపడిన మొదటి భారతీయ వనిత ఆమే. ఇంకో తమాషా. 2024 హర్యానా ఎన్నికల్లో జులానా నియోజకవర్గంలో వినోదపు కుస్తీ కవిత, ఒలింపిక్ కుస్తీ వినేష్ ఫోగట్ ఎదురెదురుగా నిలబడ్డారు. గెలిచింది వినేష్!

బట్టల సంగతి వచ్చింది కాబట్టి మరొకటి. 2019 అక్టోబరు 31న సౌదీ అరేబియా రియాద్‌లో ఆ కంపెనీ మొదటిసారి ఆడవాళ్ల కుస్తీ పెట్టగలిగింది. మెడ నుంచి మడమ దాకా కప్పుకుని ఇద్దరు తలపడ్డారు. వాళ్లలో ఒకరు నటాల్యా. అవును, నాలుగేళ్ల తర్వాత గచ్చిబౌలికి వచ్చిన మనిషే! ఒకచోట బట్టలు లాగేస్తేనే ఆట, ఇంకోచోట కప్పుకుంటేనే ఆట. రెండుచోట్లా కొలత ఇచ్చింది మాత్రం కుస్తీ పట్టేవాళ్లు కాదు.

జపానులో ఇంకో రకం. 1980లలో అక్కడి ఆడ కుస్తీ జోడీ "క్రష్ గాల్స్" కోసం హాళ్లు నింపింది మగవాళ్లు కాదు, బడి పిల్లలు, ఆడపిల్లలు! కానీ అదే కంపెనీలో 26 ఏళ్లు నిండితే తప్పుకోవాల్సిందేనన్న నియమం నడిచేది. మగవాళ్లకి అలాంటి నియమం లేదు. మన హీరోల వయసూ హీరోయిన్ల వయసూ తెలిసినవాళ్లకి ఇది కొత్తగా ఉండదు.

పటేల్ షాట్, సంగం షాట్

సినిమా ప్రియులు తెలుసుకోవాల్సిన ఓ సంగతి జహీరాబాదులోనే ఉంది. ఊరి పక్క పస్తాపూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఉంది. చిరుధాన్యాలు పండించే పల్లె స్త్రీల సంఘాలు దాంట్లో భాగం. 2008లో మాచునూరులో సొంతంగా రేడియో పెట్టుకున్నది ఈ స్త్రీలే. వీళ్లలో కొందరు వీడియో కెమెరా పట్టి సినిమాలు తీశారు. బడి మొహం చూడనివాళ్లు కూడా! ఇంగ్లీషు షాట్ల పేర్లతో వాళ్లకి పని పడలేదు. సొంత పేర్లు పెట్టుకున్నారు. పైనుంచి కిందికి చూస్తే "పటేల్ షాట్". కూలివాళ్లని పటేలు చూసే చూపు అదే కదా! కళ్లకి కళ్లు సమంగా పెట్టి తీస్తే "సంగం షాట్". సంఘంలో అందరూ ఒకే చాప మీద కూర్చుంటారు కనక.

ఇంతకన్నా మంచి సినిమా పాఠం ఏ ఇన్‌స్టిట్యూట్‌లో చెబుతారు? ఈ కొలతతో రెజ్లింగ్ చూడండి. అండర్‌టేకర్ నడిచొస్తే కెమెరా నేల మీద కూర్చుని తలెత్తి చూస్తుంది. దివాల రోజుల్లో ఆడ వస్తాదు వస్తే, అంగట్లో గొడ్డుని బేరం చేసేవాడిలా కాళ్ల నుంచి తల దాకా మెల్లగా పాకేది. రెండిట్లోనూ ఎదుట ఒక మనిషి ఉన్నట్టు కనిపించదు. ఇటీవలి పోటీల్లో, చెమట పట్టిన మొహం మీద, నొప్పితో బిగిసిన పళ్ల మీద కెమెరా నిలుస్తోంది. అది సంగం షాట్‌కి దగ్గరి చూపు.

ఈసారి మీరు కుస్తీ గానీ కొత్త సినిమా గానీ చూసినప్పుడు మూడు లెక్కలు కట్టండి. ఆమెకి ఎన్ని నిమిషాలిచ్చారు? కెమెరా ఆమెని ఎక్కణ్ణించి చూసింది? గెలిచాక ఆమె గెలుపు ఆమెదేనా, లేక పెళ్లిచూపుల్లో పడిందా? మూడూ సరిపోతే ఈల వేయండి.

మట్టి తవ్వుతావా?

ఇందాకటి డిగ్రీ అమ్మాయి నన్నొక మాట అడిగింది. "టీవీల చూసుడేనా అన్నా? నేను తాలీంకు పోతనంటే ఇంట్ల 'నీకు పెండ్లెట్లయితది' అంటరు. మరి నేర్చుకునుడెట్ల?"

నా దగ్గర జవాబు లేదు. ఒకప్పుడు జాతర గోదాల్లో కడేలు గెలిచిన ఓ ముసలి వస్తాదు దగ్గరికి వెళ్లాను. పిల్ల పేరు చెప్పకుండా, ఆమె ప్రశ్న మాత్రం చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు.

"మా కాలంల ఆడోళ్లను తాలీంల కాలు పెట్టనియ్యకపోతుండె సార్. అంజన్న జాగ గద!"

"ఇప్పుడొచ్చి అడిగితే?"

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు:

"మొదాలు పట్టు నేర్పుడుండదు. గోదా మట్టి తవ్వాలె. నెల దినాలు తవ్వాలె. చేతులు బొబ్బలెక్కాలె. గప్పటికీ ఇడిసిపెట్టకపోతే పట్టు సంగతి మాట్లాడుదం."

"ఆడపిల్లని అంత కష్టపెడతారా?"

ముసలాయన నాకేసి చిత్రంగా చూశాడు.

"మగ పోరగాండ్లకు గూడ గదే చెప్త సార్!"